రంగు ఆఖర్న చూడండి: విశాఖ కొండల్లో గ్రానైట్ జాతి రాళ్లను చదివే పద్ధతి

"మాస్టారూ, ఇది గ్రానైటేనా?" అని ఫొటో పంపి అడిగేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురు ఉంటున్నారు. ఫొటోలో నున్నగా మెరుగు పెట్టిన వంటగట్టు పలక ఉంటుంది, లేదంటే కైలాసగిరి రోడ్డు పక్కన విరిగిపడిన ముక్క ఉంటుంది. ఫొటో చూసి నేనొక పేరు చెప్పేసినా మీకు ఒరిగేది తక్కువ. అదే రాయిని మీ చేతులతో మీరే తేల్చుకుంటే, పేరుతో పాటు అది ఏ వేడిలో, ఎంత నీటితో, దేన్నుంచి పుట్టిందో కూడా తెలుస్తుంది.

అందుకే నేను పిల్లలకు నేర్పే వరసలోనే మొత్తం పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. వరస ముఖ్యం. దాదాపు అందరూ రంగుతో మొదలుపెట్టి అక్కడే తప్పుతారు. మనం రంగును ఆఖర్న చూస్తాం.

1. బయల్దేరే ముందు: గ్రానైట్ ఎలా పుడుతుంది

ఇది తెలియకుండా ఖనిజాల పేర్లు బట్టీ పట్టినా కొండ దగ్గర పనికిరావు. నాలుగు మెట్లు గుర్తుంచుకుంటే చాలు.

కరగడం. భూమి పైపొరలోని రాళ్లు లోతున వేడెక్కి కొంత మేరకు కరుగుతాయి. మొత్తం రాయి ఒక్కసారి కరగదు. క్వార్ట్జ్ (పలుగురాయి), ఫెల్డ్‌స్పార్ అనే లేతరంగు ఖనిజాలు కలిసి ముందు కరుగుతాయి. ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న నల్ల ఖనిజాలు వెనక మిగులుతాయి. నీరు పుష్కలంగా ఉంటే 650 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరగడం మొదలవుతుంది. రాయి పూర్తిగా పొడిగా ఉంటే 900 డిగ్రీలకు కూడా లొంగకపోవచ్చు. ఈ నీటి సంగతి మరిచిపోకండి, విశాఖ రాళ్ల కథంతా దాని మీదే నడుస్తుంది.

విడిపోవడం. కరిగిన ద్రవం చుట్టూ ఉన్న రాయి కంటే తేలిక. మొదట సన్నని చారలుగా, తర్వాత పాయలుగా చేరుతుంది.

పైకి రావడం. పగుళ్ల వెంట పైకి ఎక్కి, చాలాసార్లు అయిదు నుంచి పదిహేను కిలోమీటర్ల లోతులోనే ఆగిపోతుంది. ఇది చిక్కటి ద్రవం, బసాల్ట్ లావాలా పరుగెత్తదు.

గట్టిపడడం. పైన ఉన్న రాయి దుప్పటి కప్పినట్టు ఉండడం వల్ల చల్లారడానికి వేల నుంచి లక్షల ఏళ్లు పడుతుంది. ఆ తీరికలో గింజలు కంటికి కనిపించేంత పెరుగుతాయి. మామూలుగా హార్న్‌బ్లెండ్, బయోటైట్ లాంటి నల్ల ఖనిజాలు, ప్లాజియోక్లేజ్ అనే ఒక రకం ఫెల్డ్‌స్పార్ ముందు వస్తాయి. పొటాషియం ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ చివర్లో వచ్చి మిగిలిన సందులు నింపుతాయి.

హైదరాబాద్ గుట్టల్లో బోర్లించిన బానల్లా కనిపించే బండలు ఈ నాలుగు మెట్లూ పూర్తి చేసుకున్న గ్రానైట్. విశాఖలో కథ వేరు. ఇక్కడి కొండలు చాలా వరకు మొదటి రెండు మెట్ల దగ్గర పట్టుబడినవి. కరుగుతున్న రాయి, అందులోంచి బయటకొస్తున్న గ్రానైట్ ద్రవం, రెండూ పక్కపక్కనే గట్టిపడిపోయాయి. గ్రానైట్ పుట్టిన గది లోపలికి వెళ్లి చూసే అవకాశం మన ఊళ్లో సిటీ బస్సు దూరంలో ఉంది. ఇది చాలామందికి తెలియదన్నదే నా బాధ.

2. సంచి సర్దుకోవడం

- పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం. నగల దుకాణాల వాళ్లు వాడే మడత అద్దం సరిపోతుంది.
- ఒకటిన్నర, రెండు పౌండ్ల సుత్తి, కళ్లకు అద్దాలు. అద్దాలు లేకుండా ఒక్క దెబ్బ కూడా వద్దు. క్వార్ట్జ్ పెచ్చు గాజు పెంకులాగే ఎగురుతుంది.
- పాత స్టీలు చాకు లేదా గట్టి మేకు.
- చిన్న అయస్కాంతం, దారానికి కట్టి.
- నీళ్ల సీసా, పాత టూత్‌బ్రష్.
- చిన్న సీసాలో వెనిగర్ లేదా నిమ్మరసం.
- ఒక సెంటీమీటర్ గళ్లు గీసిన పారదర్శక ప్లాస్టిక్ షీటు, సన్న మార్కర్.
- నోటుపుస్తకం, పెన్సిల్, పాత వార్తాపత్రికలు.

ఇంట్లో వంటింటి డిజిటల్ తూకం ఉంటే అది కూడా పనికొస్తుంది. దాని సంగతి ఆరో అంచెలో చెబుతాను.

3. రాయి ఎక్కడ చూడాలి

మొదటిసారి కొండకు పోకండి. గ్రానైట్ కటింగ్ షెడ్డుకు వెళ్లండి. పక్కన పారేసిన అంచు ముక్కలు అడిగితే ఇస్తారు. ఒక ముక్కకు మెరుగు పెట్టిన ముఖం, కోసిన ముఖం, విరిగిన ముఖం మూడూ ఉంటాయి. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు. రాళ్లు కోసే చోట దుమ్ము పీల్చకండి. సన్నని సిలికా పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే తిరిగి బయటకు రాదు. నీళ్లు పోస్తూ కోసే షెడ్డునే ఎంచుకోండి, మాస్కు పెట్టుకోండి.

అక్కడ ఒక తికమక ఉంటుంది. వ్యాపారంలో మెరుగు పట్టే గట్టి రాయి ప్రతిదీ గ్రానైటే. చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ అసలు గాబ్రో అనే నల్ల అగ్నిశిల జాతిది. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ ఖనిజం. వైజాగ్ బ్లూ పేరుతో అమ్మే పలకలో అలలు అలలుగా పొరలు కనిపిస్తాయి, అది నైస్, అంటే లోతున వేడికి, ఒత్తిడికి మారి చారలు కట్టిన జాతి రాయి. పేరు చూసి నిర్ణయానికి రాకండి.

రెండో విడత సముద్రపు ఒడ్డు. తెన్నేటి పార్కు కింద, రుషికొండ, యారాడ తీరాల్లో అలలు కడిగిన బండలు తాజాగా ఉంటాయి. పోటు తగ్గిన వేళ, ఉదయం పూట వెళ్లండి. నాచు పట్టిన రాయి మీద కాలు పెట్టకండి, సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి.

మూడో విడత కొండ రోడ్లు. కైలాసగిరి, సింహాచలం వైపు రోడ్డు కోసం చెక్కిన గోడలు చూడాలి. వానాకాలం వెళ్లాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. తడిసిన గోడ కింద నిలబడకూడదు.

సుత్తి అసలు బయటకు తియ్యకూడని చోట్లు: తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్థలాలు, గుడి కొండలు, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు. దిబ్బల్లో పిడికెడు మట్టి కూడా తేవద్దు. తీరపు ఇసుకలో గులాబీ చారలు గార్నెట్, నల్లచారలు ఎక్కువగా ఇల్మెనైట్. అవి మన కొండలు అరిగి వచ్చినవే. వంగి అద్దంలో చూడండి, చూసి అక్కడే వదిలేయండి.

4. మొదటి చూపు: మూడడుగుల దూరం నుంచి

భూతద్దం అప్పుడే తియ్యకండి. ముక్కను నీళ్లతో కడిగి, మూడడుగుల దూరంలో పెట్టి రెండే ప్రశ్నలు వేసుకోండి.

గింజలు కంటికి కనిపిస్తున్నాయా? కనిపిస్తూ, ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటే గ్రానైట్ జాతి కావచ్చు. గింజల మధ్య సిమెంటులాంటి పదార్థం ఉండి, గోకితే ఇసుకలా రాలుతుంటే ఇసుకరాయి కావచ్చు. అసలు గింజే కనపడక నల్లగా ఉంటే డోలరైట్ అనే సన్నగింజల నల్ల అగ్నిశిల లాంటిది కావచ్చు.

గింజలు వరస కట్టాయా? ఏ వైపు తిప్పినా గింజలు చెల్లాచెదురుగా ఉంటే అది ద్రవం నుంచి నేరుగా గట్టిపడిందనుకోవచ్చు. ఒక దిక్కుగా సాగి, తెలుపు నలుపు చారలుగా ఉంటే వేడిలో, ఒత్తిడిలో నలిగిన రూపాంతర శిల.

ఈ రెండో ప్రశ్నకు జవాబు నాకు బాగా నేర్పింది పుస్తకం కాదు. కొండవార రాళ్లు కొట్టే ఒక పెద్దాయన, ఉలి పెట్టే చోటు వేలితో తడుముతూ, "పొర ఎంట కొడితే ఇడిపోద్ది బాబూ, అడ్డంగా కొట్టేవనుకో, ఉలి మొన పోద్ది" అన్నాడు. ఆయన చెప్పిన పొరనే మేం ఫోలియేషన్ అంటాం. రాయిని మూడు వైపుల నుంచి చూడనిదే ఆ పొర దొరకదు. పొర వెంట కోసిన ముఖం చూస్తే నైస్ కూడా గ్రానైట్‌లాగే కనిపిస్తుంది. వంటగట్టు పలకలతో మోసపోయేది ఇక్కడే.

5. ఖనిజాలను ఒక్కొక్కటిగా పట్టుకోవడం

ఇప్పుడు అద్దం తీయండి. అద్దం కంటికి ఆనించి, రాయిని దగ్గరకు తెచ్చుకోవాలి. అద్దాన్ని రాయి మీద పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనపడదు. ఎండ మీ భుజం మీదుగా రాయి మీద పడేలా నిలబడి, విరిగిన ముఖాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ఉండండి.

5.1 క్వార్ట్జ్

మన పలుగురాయే. గ్రానైట్‌లో తెల్లగా కాకుండా కలకండ ముక్కలా, కాస్త బూడిద రంగులో ఉంటుంది. నూనె రాసినట్టు మెరుస్తుంది. రాయిని ఎంత తిప్పినా అద్దంముక్కలా చదునుగా తళుక్కుమనదు, ఎందుకంటే దానికి విదళన తలం, అంటే చదునుగా విరిగే దిక్కు, లేదు. గాజులాగే వంపుగా విరుగుతుంది. చాకుతో గీస్తే చాకు లోహమే దాని మీద అంటుకుంటుంది.

5.2 రెండు ఫెల్డ్‌స్పార్లు

ఓపిక అంతా ఇక్కడే ఖర్చవుతుంది, ఖర్చు పెట్టాలి కూడా. ఫెల్డ్‌స్పార్ గింజ రాయిని తిప్పుతుంటే ఒక కోణంలో కిటికీ అద్దంలా ఒక్కసారి వెలుగుతుంది. ఆ వెలుగే విదళన తలం. దాదాపు లంబకోణంలో ఇంకో తలం కూడా ఉంటుంది. ఒకటి నుంచి పది దాకా ఉండే మోస్ కొలతలో కాఠిన్యం 6, మామూలు చాకుకు లొంగదు.

వెలిగిన తలం మీద అద్దంలో సన్నని సరళరేఖలు, దువ్వెన పళ్లంత క్రమంగా కనపడితే అది ప్లాజియోక్లేజ్. అంటే సోడియం, కాల్షియం ఫెల్డ్‌స్పార్. గీతలు కనపడకపోతే కాదని తేల్చకండి. ఇంకో పది గింజలు చూడండి.

గింజ సగం వెలిగి, సగం చీకటిగా ఉండి, ఇంకాస్త తిప్పగానే వెలుగు రెండో సగానికి మారితే అది పొటాషియం ఫెల్డ్‌స్పార్. దాని మీద తెల్లని వంకరటింకర పోగులు అల్లినట్టు కనపడితే ఆ అల్లికను పర్థైట్ అంటారు. ఎక్కువ వేడిలో ఒకటిగా కలిసి ఉన్న సోడియం, పొటాషియం ఫెల్డ్‌స్పార్లు చల్లారుతూ విడిపోయిన గుర్తు అది. పెరుగు విరిగి నీరు తేరినట్టు.

గులాబీ రంగుది పొటాషియం, తెల్లది ప్లాజియోక్లేజ్ అని చాలాచోట్ల చెబుతారు. హైదరాబాద్ గులాబీ గ్రానైట్‌లో అది చాలాసార్లు నప్పుతుంది. విశాఖలో నప్పదు, ఇక్కడ రెండూ తెల్లగానే ఉండొచ్చు. చదువుకునే రోజుల్లో నేను తెల్లటి గింజలన్నిటినీ క్వార్ట్జ్ అని రాసి ఒక నమూనా పెట్టె నిండా చీటీలు అంటించాను. తర్వాత ల్యాబ్‌లో పలుచటి కోత, అంటే వెలుతురు దూరేంత సన్నగా కోసిన రాతి ముక్క, చూస్తే సగానికి పైగా ఫెల్డ్‌స్పార్. ఆ పెట్టె మొత్తం మళ్లీ చూడాల్సి వచ్చింది. అప్పటినుంచి ముక్కను తిప్పకుండా ఏ తెల్లగింజకూ పేరు పెట్టడం లేదు.

ఇంకా అనుమానం ఉంటే ల్యాబ్‌లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చూపించి, కోబాల్టినైట్రైట్ ద్రావణంలో ముంచుతారు. పొటాషియం ఫెల్డ్‌స్పార్ పసుపు పచ్చగా మారుతుంది. ఇంట్లో ఆ ఆమ్లం జోలికి అస్సలు పోవద్దు, చర్మం మీద పడితే ఎముక దాకా తింటుంది.

5.3 నల్లవి

మేకు మొనతో గిల్లండి. రేకులు రేకులుగా లేస్తే అభ్రకం: నల్లదైతే బయోటైట్, వెండిలా ఉంటే మస్కోవైట్. రేకు లేవకుండా పొడుగు పుల్లలా ఉండి, రెండు విదళన తలాలు ఏటవాలుగా, సుమారు 60, 120 డిగ్రీల కోణంలో కలిస్తే హార్న్‌బ్లెండ్. దాదాపు లంబకోణంలో కలిసి, పొట్టిగా, గోధుమ మెరుపుతో ఉంటే పైరాక్సీన్. ఈ కోణం అద్దంలో చూడడం మొదట్లో కష్టం. ఇరవై ముక్కలు చూశాక కన్ను అలవాటు పడుతుంది. అయస్కాంతం దారం పక్కకు లాగితే మాగ్నెటైట్ ఉన్నట్టు. వేలికి నల్లగా అంటి, కాగితం మీద పెన్సిల్‌లా రాస్తే గ్రాఫైట్.

5.4 గార్నెట్, సిల్లిమనైట్

మన కొండల సంతకం ఇవే. గార్నెట్ దానిమ్మగింజ రంగులో, గుండ్రంగా, విదళనం లేకుండా ఉంటుంది. కొండ మీద ఎండకు వానకు మాగిన రాయిలో తుప్పు మచ్చగానో ఖాళీ గుంటగానో మిగులుతుంది. సిల్లిమనైట్ తెల్లని సూదుల కట్ట, పట్టుపోగుల్లా మెరుస్తూ పొర దిక్కుకే పడుకుని ఉంటుంది.

6. లెక్కపెట్టడం, తూచడం

కంటితో "క్వార్ట్జ్ ఎక్కువే ఉంది" అనుకోవడం లెక్క కాదు. మెరుగు పెట్టిన ముక్క మీద గళ్ల షీటు పరిచి, ప్రతి గళ్ల మూల కింద ఏ గింజ పడిందో రాయండి. ఒక్కో మూలను ఒక చుక్క అనుకుని 200 చుక్కలు లెక్కపెట్టండి. గింజలు సెంటీమీటర్ కంటే పెద్దవైతే గళ్లు రెండు సెంటీమీటర్లకు పెంచండి, లేకపోతే ఒకే గింజను రెండుసార్లు లెక్కేస్తారు.

ఒక లెక్క చేసి చూద్దాం. 200 చుక్కల్లో క్వార్ట్జ్ 62, పొటాషియం ఫెల్డ్‌స్పార్ 70, ప్లాజియోక్లేజ్ 48, బయోటైట్ 18, ఇతరాలు 2 వచ్చాయనుకోండి.

- నల్లవి, ఇతరాలు పక్కన పెట్టండి. మిగిలినవి 62 + 70 + 48 = 180.
- క్వార్ట్జ్ వాటా: 180లో 62, అంటే 34 శాతం. ఇది 20, 60 శాతాల మధ్య ఉంటేనే గ్రానైట్ కుటుంబం.
- రెండు ఫెల్డ్‌స్పార్లలో పొటాషియం వాటా: 118లో 70, అంటే 59 శాతం.
- ఆ వాటా 35 నుంచి 90 అయితే గ్రానైట్. 10 నుంచి 35 అయితే గ్రానోడయోరైట్. 10 లోపు టోనలైట్. 90 దాటితే ఆల్కలీ ఫెల్డ్‌స్పార్ గ్రానైట్.

మన ముక్క గ్రానైటే. చారలున్న రాయికి ఈ లెక్క వేయాలంటే చారలకు అడ్డంగా కోసిన ముఖం తీసుకోండి. ఒక్క తెల్లచార మీదే షీటు పెడితే తప్పుడు జవాబు వస్తుంది.

తూకం ఇంకా తేలిక. పొడిముక్కను తూచి రాసుకోండి. తర్వాత నీళ్ల గిన్నెను తూకం మీద పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో వేలాడదీసి నీళ్లలో పూర్తిగా ముంచండి, అడుగుకు తగలనివ్వకండి. అప్పుడు తూకం చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. రాయి 318 గ్రాములుండి తూకం 120 చూపితే సాంద్రత 2.65, అంటే గ్రానైట్ పరిధి. అదే బరువుకు 105 చూపితే 3.03, అది గాబ్రో, డోలరైట్ వైపు. నల్లగా మెరుగు పెట్టిన పలకల తగవు ఈ ఒక్క పరీక్షతో చాలావరకు తీరిపోతుంది.

7. ఖనిజం ఏం చెబుతోంది

గింజలకు పేర్లు పెట్టి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఏవి కలిసి ఉన్నాయి, ఏవి లేవు అన్నది రాసుకోండి.

హార్న్‌బ్లెండ్, టైటనైట్, మాగ్నెటైట్ కలిసి ఉంటే ఆ గ్రానైట్ పాత అగ్నిశిలలు కరిగి పుట్టి ఉండొచ్చు, శిలాద్రవంలో నీరు ఉంది. మస్కోవైట్, గార్నెట్, కార్డిరైట్ ఉంటే మూలంలో అల్యూమినియం ఎక్కువ, అంటే బంకమన్ను నుంచి పుట్టిన అవక్షేపాలు కరిగాయి. మొదటిదాన్ని ఐ రకం (ఇగ్నియస్, అంటే అగ్నిశిల), రెండోదాన్ని ఎస్ రకం (సెడిమెంటరీ, అంటే అవక్షేప) అంటారు. ఈ విభజన చేసింది ఆస్ట్రేలియాలో చాపెల్, వైట్, 1974లో.

బయోటైట్ అంచులు పచ్చగా మారి క్లోరైట్ అయితే, చల్లారాక నీరు మళ్లీ లోపలికి వచ్చిందని అర్థం. దాన్ని పుట్టుక లక్షణంగా లెక్కించకండి.

ఇప్పుడు మన కొండలు. కైలాసగిరి, సింహాచలం కొండల్లో ప్రధానంగా దొరికేది ఖోండలైట్: క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్, అక్కడక్కడ గ్రాఫైట్. ఇంత అల్యూమినియం ఉండీ ఇందులో మస్కోవైట్ ఉండదు. ఆ లేకపోవడమే పెద్ద సాక్ష్యం. మస్కోవైట్, క్వార్ట్జ్ కలిసి ఉండగా వేడి సుమారు 700 డిగ్రీలు దాటితే మస్కోవైట్ విరిగి సిల్లిమనైట్, పొటాషియం ఫెల్డ్‌స్పార్ అవుతాయి. అందులో దాగిన నీరు బయటపడి కరగడానికి సాయం చేస్తుంది.

వేడి ఇంకా పెరిగి 800 దాటితే బయోటైట్ వంతు. బయోటైట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్ కలిసి గార్నెట్‌గా, పొటాషియం ఫెల్డ్‌స్పార్‌గా, ద్రవంగా మారతాయి. ఖోండలైట్ మధ్య బియ్యపు పిండిలా తెల్లగా, ఎర్రని గార్నెట్ చుక్కలతో పరుచుకున్న చారను చూశారా? దాన్ని లెప్టినైట్ అంటారు. అలాంటి చారలు చాలాచోట్ల ఒకప్పుడు గ్రానైట్ ద్రవం. అందులోని గార్నెట్ కరగడంలోనే పుట్టింది. దాన్ని మలినం అని రాస్తే కథలో కీలకమైన వాక్యం కొట్టేసినట్టే.

రెండో రాయి చార్నోకైట్. విశాఖ, అనకాపల్లి పరిసరాల్లో కనిపిస్తుంది. తాజాగా విరిచిన ముఖం నూనె పూసినట్టు పచ్చటి బూడిద రంగులో ఉంటుంది. క్వార్ట్జ్‌లో నీలిచాయ కూడా కొన్నిసార్లు కనపడుతుంది, అందుకు తరచూ కారణం లోపలి రూటైల్ సూదులు. నిర్ణయించేది మాత్రం ఆర్థోపైరాక్సీన్, అంటే ఒక రకం పైరాక్సీన్. అది నీరు పట్టని ఖనిజం. నీరుంటే దాని చోట బయోటైటో హార్న్‌బ్లెండో ఉండాలి. అది ఉందంటే రాయి బాగా పొడిగా, బాగా వేడిగా ఉంది. లెక్కలో గ్రానైట్ వచ్చి ఆర్థోపైరాక్సీన్ కూడా కనపడితే చార్నోకైట్ అనండి. టోనలైట్ లెక్క వచ్చి అది కనపడితే ఎండర్‌బైట్.

పాడేరు వైపు రాళ్లలో సాఫిరిన్ అనే అరుదైన నీలి ఖనిజం దొరికింది. క్వార్ట్జ్‌తో కలిసి అది ఉందంటే వేడి 900 డిగ్రీలు మించిందని అర్థం. భూమి లోపల 25 కిలోమీటర్లు, అంతకంటే లోతున జరిగిన పని ఇది. నేల పైకి లేస్తూ, వానకు గాలికి కోసుకుపోతూ పైన ఉన్నదంతా పోయి ఇవాళ మన కాలికింద ఉంది.

8. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

- మాగిన ముఖం చూసి పేరు పెట్టడం. ఖోండలైట్ బయట ఎర్రమన్నులా, ఫెల్డ్‌స్పార్ తెల్లసుద్దలా మారిపోతుంది. తాజా ముఖం విరవండి; దొరక్కపోతే అలలు కడిగిన బండ వెతకండి.
- ఎండిన రాయినే చూడడం. తడిపితే రంగుల తేడా, ఎండితే విదళన మెరుపు బాగా తెలుస్తాయి. రెండూ చూడండి.
- పెద్ద గింజలంటే నెమ్మదిగా చల్లారినట్టే అనుకోవడం. పెగ్మటైట్ అనే పెద్దగింజల రాయిలో బారెడు స్ఫటికాలు రావడానికి చివర మిగిలిన నీటి ద్రవం పెద్ద కారణం. గూడూరు అభ్రకం ఆ జాతి రాళ్లలోదే.
- మంచి ఆకారమున్న గింజే ముందు పుట్టిందనడం. మామూలుగా నిజమే. పొటాషియం ఫెల్డ్‌స్పార్ పెద్ద దిమ్మలు మాత్రం ఆలస్యంగా మొదలై కూడా చక్కటి అంచులతో పెరుగుతాయి.
- తెల్ల పాలరాయిని పలుగుతో పొరబడడం. చాకుతో గీయండి. గీత పడి, ఆ పొడి మీద వెనిగర్ వేస్తే పొంగితే అది కాల్సైట్.
- ఇంట్లో వేసిన పలక మీద గీతలు పెట్టి చూడడం. అంచు ముక్క అడిగి తెచ్చుకోండి, ఇంట్లోవాళ్ల మాట పడే పని ఎందుకు.
- చోటు రాయకుండా ముక్క తేవడం. ఎక్కడిదో తెలియని రాయి సగం మూగది. విరిచిన చోటే చీటీ రాసి, వార్తాపత్రికలో చుట్టండి.

9. ప్రతి ముక్కకు రాయాల్సిన చీటీ

□ తేదీ, చోటు, దగ్గరి గుర్తు, ఫోన్‌లో జీపీఎస్ అంకెలు
□ కొండలో అతుక్కుని ఉన్నదా, దొర్లి వచ్చినదా
□ గింజ సైజు, మిల్లీమీటర్లలో
□ పొర ఉందా, ఉంటే ఎటు వాలింది
□ కనపడ్డ ఖనిజాలు, ఒక్కోదానికి ఏ పరీక్షతో తేల్చారు
□ ఉండాల్సింది కానీ కనపడనివి
□ చుక్కల లెక్క, సాంద్రత
□ ముందు ఏది వచ్చింది, సందు నింపింది ఏది
□ రంగు, తాజా ముఖానిది
□ పేరు, పెన్సిల్‌తో

10. ఒక ముక్కను చివరిదాకా చదవడం

కైలాసగిరి రోడ్డువార తీసిన, అరచేయంత ముక్క ఇది. మూడడుగుల నుంచి చూస్తే రెండు చారలు. ఒకటి ముదురు, రెండోది వేలు మందంలో తెల్లది. ముదురు చారలో అద్దం పెడితే పట్టుపోగుల్లాంటి సిల్లిమనైట్ ఒకే దిక్కుకు దువ్వినట్టు పడుకుంది. దాని నడుమ మెంతిగింజంత గార్నెట్లు. కాగితం మీద రుద్దితే సన్నని నల్లగీత, గ్రాఫైట్. మస్కోవైట్ కోసం మేకుతో పది చోట్ల గిల్లాను, రేకు లేవలేదు.

తెల్లచారలో సిల్లిమనైట్ లేదు. తిప్పుతుంటే గింజలు ఒక్కొక్కటిగా వెలుగుతున్నాయి, చాలావాటి మీద పర్థైట్ పోగులు. వాటి సందుల్లో కలకండలాంటి క్వార్ట్జ్. నాలుగు గార్నెట్లు ఉన్నాయి. ముదురు చారలోవాటి కంటే పెద్దవి, శనగగింజంత. రెండు చారల అంచు కత్తితో కోసినట్టు లేదు, ఒకదాంట్లోకి ఒకటి పళ్లు పెట్టుకుని ఉంది.

చీటీ మీద ఇలా రాశాను: మూలం బంకమన్ను అవక్షేపం, అందులో గ్రాఫైట్‌గా మిగిలిన కర్బనం. మస్కోవైట్ పూర్తిగా పోయింది. బయోటైట్ కరుగుతూ గార్నెట్ ఇచ్చింది, వేడి 800 పైమాట. ద్రవం వేలు మందం మేర చేరింది, దూరం పోలేదు. పేరు: ఖోండలైట్, లెప్టినైట్ చారతో.

వయసు అన్న గడి మాత్రం ఖాళీగా వదిలాను. అది అద్దంతో తేలేది కాదు. రాయిని పొడి చేసి, ఇసుక గింజ కంటే చిన్న జిర్కాన్ స్ఫటికాలు ఏరి, వాటిలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలవాలి. యురేనియం-238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది, అంత నెమ్మది గడియారం కాబట్టే ఇలాంటి రాళ్లకు సరిపోతుంది. తూర్పు కనుమల్లోని ఈ పట్టీలో జిర్కాన్, అలాగే మొనజైట్ అనే ఇంకో ఖనిజం కొలతలు రూపాంతరానికి ఎక్కువగా 90 నుంచి 100 కోట్ల ఏళ్లు చూపిస్తున్నాయి. నా ముక్కను కొలవలేదు గనుక ఆ అంకెను చీటీ వెనక, పెన్సిల్‌తో, ప్రశ్నగుర్తు పెట్టి రాసుకున్నాను.